ఒకటే చీటీ

ఓడలో ఆఖరి రాత్రి. పెట్టెలకి చీటీలు కట్టి తలుపు బయట పెడితే, పనివాళ్లే పొద్దున రేవులో దింపుతారు. ఆవిడ రెండు పెట్టెలు పెట్టింది. గదులు సర్దే అతను ఒకటే చీటీ ఇచ్చాడు. దాని మీద భర్త పేరుంది.

"ఇంకోటి బాబూ, ఇద్దరం కదా!"

అతను జాబితా మళ్లీ చూసుకున్నాడు. "రేపు దిగేది ఒక్కరేనని రాసుందండీ. మధ్యాహ్నం సారే వచ్చి చెప్పారట."

ఆవిడ చీటీ మీది పేరు మళ్లీ చదివింది. ఈ పది రోజులూ ఆయన ప్రేమ ఒలకబోస్తుంటే, ముప్పై ఏళ్లకి ఈ మానవుడికి బుద్ధొచ్చిందని మురిసిపోయింది కూడాను.

అతను బండి తోసుకుంటూ మలుపు తిరిగాడు. చక్రాల చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది.

వెనకనుంచి భుజాల మీద శాలువా పడింది.

"పద, పైకెళ్లి కాసేపు సముద్రం చూద్దాం," అన్నాడు భర్త. "చెప్పులక్కర్లేదులే."