గాడిద పెట్టిన పేట

నేను ఉప్పు మోసే గాడిదని. ఓసారి ఏటి రేవు దగ్గర బద్ధకమేసి కూలబడ్డాను. మా పోతిసెట్టి ఎంత బతిమాలినా లేవలేదు. చేసేది లేక అక్కడే బస్తాలు విప్పి ఉప్పు అమ్ముకున్నాడు. ఉప్పు కోసం జాలర్లొచ్చారు, చేపల కోసం సాలెవాళ్ళొచ్చారు. నాలుగేళ్ళలో వీధులు పడ్డాయి, చుట్టూ గోడ లేచింది. సెట్టి అంగడి పెట్టాడు. ఇక నాతో పనేముంది? బయటికి తోలేశాడు.

ఒకరోజు తవుడు మీద మనసుపడి పేటకెళ్తే, ద్వారం దగ్గర కుక్క ఆపింది.

"ఎవరు నువ్వు?"

"ఈ పేట పెట్టిందే నేను!"

"నువ్వా? ఎలా పెట్టావేంటి?"

కాస్త ఆలోచించాను. "కూలబడి," అన్నాను.

కుక్క పడీపడీ నవ్వింది. నాకు రోషమొచ్చి ద్వారానికి అడ్డంగా కూలబడ్డాను. వెనకాల బళ్ళన్నీ ఆగిపోయాయి. ఆగినవాళ్ళకి ఓ ముసలమ్మ మజ్జిగ అమ్మింది. ఆమె పక్కనే ఇంకొకడు అటుకుల బుట్ట దించాడు. పొద్దుగూకేసరికి గోడ బయట కొత్త బజారు వెలిసింది.

"ఇప్పుడు చూశావా, ఎలా పెట్టానో!" అన్నాను గర్వంగా.

వారం తిరక్కుండానే ఆ బజారుకీ గోడ కట్టి, ద్వారం పెట్టి, ఇంకో కుక్కని కాపలా ఉంచారు. అది మొట్టమొదట బయటికి తరిమింది నన్నే.