పొగ తాగుతారా?

కిందటి నెల దగ్గుకని వెళ్లినప్పుడు డాక్టరు “పొగ తాగుతారా?” అని అడిగితే రాజ్యశ్రీకి ఒళ్లు మండింది. “ఏం ప్రశ్నండీ అది! అలా కనిపిస్తున్నానా?” అంది. ఆయన చీటీ మీద ‘లేదు’ అని రాసుకున్నాడు.

భవానీపురంలో ఇన్వర్టర్లు బాగుచేసే షాపులో పదహారేళ్లుగా ఆమెది సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ పని. ఇవాళ పాత కంప్యూటర్ ఫ్యాను, అడుగు కోసేసిన బిస్కెట్ల డబ్బా, చేపల తొట్టెల్లో పెట్టే బొగ్గు స్పాంజి కలిపి బల్ల మీద బిగించింది. స్విచ్ వేసి అతకడం మొదలెట్టగానే, రోజూ ముక్కులోకి లేచే పొగ డబ్బాలోకి మళ్లింది. చాలాకాలం తర్వాత దగ్గకుండా ఒక పని పూర్తి చేసింది.

యజమాని జయకృష్ణ వచ్చాడు.

“ఏంటమ్మా ఇది?”

“పొగ లాగేస్తుందండీ.”

“మన షాపులో పొగెక్కడిది? ఆ బోర్డు కనపళ్లా?”

గోడ మీద ‘పొగ తాగరాదు’ అని ఎర్రటి అక్షరాలు. అవి వచ్చీపోయే కస్టమర్ల కోసం. బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఊపిరి కోసం ఏ గోడ మీదా ఏమీ రాసి లేదు.

“తనిఖీకొచ్చినోళ్లు దీన్ని చూస్తే, పొగుందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ? తీసెయ్. నీ దగ్గు మీ వంటింటి పొయ్యిదమ్మా.”

“మాది గ్యాసండీ.”

“తీసెయ్యమన్నానా?”

పదహారేళ్ల అలసట. వాదించే ఓపిక లేక స్క్రూలు విప్పింది.

సాయంత్రం డాక్టరు మళ్లీ ఆ చీటీ తీశాడు.

“అక్కడ ‘లేదు’ కొట్టేయండి,” అంది రాజ్యశ్రీ. “రోజుకు ఎనిమిది గంటలు తాగుతానండీ. మానేద్దామనే చూశాను. మా యజమాని మాననివ్వలేదు.”