తలకిందుల కొంగ

రాగి పలక మీద గుడ్డ కప్పీ కప్పకముందే అపొలోనియా దుకాణంలోకి వచ్చేసింది. అచ్చుబొమ్మలు చెక్కే ముసలి కునిగుండ్ ఉలి పక్కన పెట్టింది.

మంచుకు తడిసిన బరువైన అంగీ కూడా విప్పకుండా, అపొలోనియా హంగరీలో తురుష్కుల మీద యుద్ధానికి వెళ్ళిన తన మొగుడి బొమ్మ ఎంతవరకు వచ్చిందో చూస్తానంది. కునిగుండ్ రేపు రమ్మంది. సిరా లేదంది. కళ్ళు మండుతున్నాయంది. ఏం చెప్పినా ఆ పిల్ల గుమ్మం వైపు తిరగలేదు.

పొద్దున్నే ఆమె మామగారు వచ్చి, బొమ్మలో డాలు తలకిందులుగా చెక్కమని చెప్పి వెళ్ళాడు. వంశం నిలపాల్సిన ఆఖరి కొడుకు పోతే న్యూరెంబర్గులో డాలు అలాగే చెక్కుతారు. కోడలికింకా తెలియదు, నోరు జారకు అని మరీ మరీ చెప్పాడు.

అపొలోనియా గుడ్డ లాగేసింది. పలక మీద సైనికుడు కత్తి పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాడు. అతని డాలు మీద ఆ ఇంటి గుర్తు కొంగ, కాళ్ళు పైకి పెట్టి వేలాడుతోంది.

"కొంగ తాగిందా, అవ్వా?"

"రాగి మీద అన్నీ తిరగేసే చెక్కాలమ్మా. కాగితం మీద సరిగ్గా పడుతుంది." అంది కునిగుండ్.

"కుడి ఎడమలు తిరుగుతాయని విన్నాను. తలా కాళ్ళూ కూడానా? మరి మా ఆయన తిన్నగానే నిలబడ్డాడే?"

కునిగుండ్ గుడ్డ మళ్ళీ కప్పబోయింది. ఇలాంటి కబురు తన నోటి నుంచి మాత్రం రాకూడదని పొద్దుటి నుంచీ దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది.

"మా ఆయన పోయాడని నాకు తెలుసులే" అంది అపొలోనియా. "మామగారు చెప్పలేదు. ఆయన కళ్ళే చెప్పాయి. నేనూ మామగారికి ఒక మాట చెప్పలేదు. డాలు నిలబెట్టు, అవ్వా."

చెక్కింది గీకేస్తే రాగి పలచబడుతుందని, పెద్దాయన ఊరుకోడని కునిగుండ్ గొణిగింది. ఏడుపు లోపలే అణుచుకోబట్టి పిల్లకి మతి చలించిందనుకుంది. భుజం పట్టి కూర్చోబెట్టబోయింది.

అపొలోనియా ఆ చేతిని పట్టుకుని అంగీ లోపలికి లాక్కుంది.

ముసలిదాని అరచేతిని లోపల్నుంచి ఎవరో తన్నారు.