కొనకనమిట్ల కందిపప్పు

సంచిలో అయిదు కిలోల కందిపప్పు, రెండు సీసాల గానుగ నూనె. వాటితో శేషగిరిరావు దుకాణం దాటాలి. ఆ శనివారం పార్వతికి వచ్చిపడ్డ కష్టం అదీ.

మార్కాపురం బస్టాండు నుంచి ఇంటికి చుట్టూ తిరిగిపోయే సందు ఒకటుంది. మురుగు కాలువ కోసం దాన్ని తవ్వి నెల దాటింది. పూడ్చే నాథుడు లేడు. ఇక దుకాణం ముందునుంచే పోవాలి.

శేషగిరిరావుదీ ఆయన అన్నదీ ఉమ్మడి వ్యాపారం. కన్నతల్లికి సరుకులు పంపినా చీటీ రాసే దుకాణం. వీధిలో ఎవరు ఎక్కడ ఏం కొన్నారో గల్లా దగ్గర కూర్చునే కనిపెడతాడు. పదేళ్ళుగా పార్వతి వండేది అక్కడి సరుకే. ఇంటి ఖర్చుకని ఆమె చేతికొచ్చే డబ్బులో సగానికి పైగా ఆ చీటీకే పోయేది. పోతే పోయింది, తిండైనా తిన్నట్టుండాలి కదా. పప్పు పైకి తళతళా మెరుస్తుంది, గంట ఉడికినా మెదగదు. నూనె సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. ఏడేళ్ళ కూతురు హాసిని అన్నం తిన్న ప్రతిసారీ కడుపు పట్టుకుని పడుకునేది. 'బయట కొందాం' అని పార్వతి ఒకే ఒక్కసారి నోరు జారింది. దానికి ఎంత రాద్ధాంతం జరిగిందో ఆమెకింకా గుర్తే.

మూడు నెలల కిందట బస్టాండు గోడ పక్కన చెన్నమ్మ కనిపించింది. కొనకనమిట్ల నుంచి శనివారం శనివారం బస్సులో వస్తుంది. సొంత చేలో పండిన కందులకు ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, విసుర్రాయి మీద తనే పప్పు చేస్తుంది. దుకాణం ధరకన్నా కిలోకు నలభై రూపాయలు తక్కువ. పిడికెడు తగ్గించి వేసినా గిన్నె నిండుతుంది. గానుగ నూనె కూడా ఆమె దగ్గరే దొరుకుతుంది. దాంతో దుకాణం చీటీ సగానికి పడిపోయింది. హాసిని మారు అడిగి మరీ పప్పు వేయించుకుంటోంది. ఆ సంగతి తలుచుకుంటే పార్వతికి కడుపు నిండిపోతుంది.

"ఇంతకుముందు ఏ దుకాణంలో కొంటాంటివమ్మా?" అని ఇందాక చెన్నమ్మ అడిగింది.

పార్వతి పేరు చెప్పలేదు. గడ్డంతో వీధి మలుపులోని బోర్డు వైపు చూపింది.

తూకం వేస్తున్న చెన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ పెద్దమనిషా? పోయినేడు ఇదే గోడ పక్కన యల్లయ్య చెనక్కాయలు అమ్ముకుంటాంటే, ఎవరెవరికో చెప్పి లేపించినాడు. నా సంగతి తెలిస్తే నన్నూ ఉండనీడు. నాకు ఈ పప్పే ఆధారం తల్లీ."

"నీ పేరు నా నోట్లోంచి రాదు పెద్దమ్మా."

మాట ఇవ్వడం తేలికే. వీధి దాటడమే కష్టం.

దుకాణం ముందు నలుగురు బేరగాళ్ళున్నారు. పార్వతి వాళ్ళ చాటున తలొంచుకుని నడిచింది. ఇంకో పదడుగులు వేస్తే మలుపు.

"ఏంది సంచిలో?"

కాళ్ళు ఆగిపోయాయి. గల్లా వెనకనుంచి శేషగిరిరావు ఆమెనే చూస్తున్నాడు.

"కుట్టనిచ్చిన జాకెట్లండీ."

"జాకెట్లకు అంత బరువుంటదా?" చేతిలోని చీటీల కట్ట చూపించాడు. "ఇంటి చీటీ సగానికి సగం తగ్గింది. పోయిన నెలా అంతే. మధ్యాహ్నం వస్తాగా, అదేందో చూస్తా."

పార్వతి ఇల్లు చేరేసరికి చెమటతో తడిసిపోయింది. అత్త రామతులసమ్మ గుమ్మంలోనే ఎదురై, కోడలి మొహం చూసి సంచి అందుకుంది.

"చూసినాడా?"

"మధ్యాహ్నం వస్తారంట. చీటీ ఎందుకు తగ్గిందో చూస్తారంట."

"రానీ" అంది రామతులసమ్మ. పాత చీరల కింద దాచిన దుకాణం కిలో పొట్లాలు అయిదు బయటికి తీసింది. ఖాళీవి. వాటిల్లోకి చెన్నమ్మ పప్పు దిమ్మరించింది. నూనె సీసాలు బియ్యం డబ్బా వెనక్కి పోయాయి. ఆ వయసులో ఆవిడ చేతులు అంత చురుగ్గా ఆడటం పార్వతి ఎన్నడూ చూడలేదు.

ఒంటిగంటకు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. శేషగిరిరావు నేరుగా వంటింటి గడప దాకా వచ్చి, అరల మీది డబ్బాలు ఒక్కొక్కటే చూశాడు. ఇప్పుడు దొరికితే చెన్నమ్మ బతుకు రోడ్డున పడుతుంది, హాసినికి మళ్ళీ ఆ పప్పే.

"అన్నం వేళకు వచ్చినావు, కూర్చో. తిన్నాక మాట్లాడుదువు" అంది రామతులసమ్మ.

కూర్చున్నాడు. పార్వతి వడ్డించింది. రోజూ గల్లా దగ్గరే లెక్కలు చూస్తూ ముద్దలు మింగే శేషగిరిరావు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఈ పప్పు యాడిది?"

హాసిని నోరు తెరిచింది. రామతులసమ్మ ఆ పిల్ల నోట్లో ఇంత ముద్ద కుక్కేసింది.

పార్వతి పొట్లం తెచ్చి కంచం ముందు పెట్టింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో ఆయన దుకాణం పేరే అచ్చయి ఉంది.

"పప్పు మంచిదైతే కొంచెం వేసినా చాలు. చీటీ తగ్గక ఏం చేస్తది?" అంది రామతులసమ్మ.

శేషగిరిరావు పొట్లం అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకో ముద్ద కలిపాడు. తర్వాత ఇంకోటి. పప్పుగిన్నె ఖాళీ అయింది.

చివరికి లేచి చెయ్యి కడుక్కుని, పార్వతి కొంగుకు తడి తుడుచుకుంటూ, "మన దుకాణం పప్పే ఇంత రుచిగుంటే, బయట కొందామని కట్టుకున్న మొగుని పరువు తీయబోతివి గదే" అన్నాడు శేషగిరిరావు.