ఫోన్‌కి బొట్టు

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నా ముందుపళ్లు రెండూ వక్కలు నమిలి ఊడినవి కావు. బుల్లయ్య బాబాయ్ ఊడగొట్టినవి.

ఆయన పత్తికి మందు కొట్టొచ్చి ఆ చేత్తోనే అన్నం తినిపించిన సాయంత్రం, ఆయన కూతురు హారిక నురగ కక్కుతోంది. ఆయనేమో ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తున్నాడు.

"దిష్టి కాదు బాబాయ్, పురుగుమందు. గుంటూరు ఆస్పత్రికి పద."

"నా బిడ్డకి నేను విషం పెట్టానంట్రా, అబద్ధాలకోరు వెధవా!"

ఒక పన్ను రాలింది. కిందపడేసి మూతి మీద తన్నాడు. రెండోదీ పోయింది.

నెత్తురు ఉమ్మి, ఫోన్ పిల్ల కళ్ల దగ్గర పెట్టాను. "నేను కాదు బాబాయ్, ఏఐ డాక్టర్ అంటోంది. గంటే టైముందట."

లేచిన కాలు ఆగింది. "మిషన్‌కెందుకురా అబద్ధం" అంటూ పిల్లనెత్తుకుని నా బండెక్కాడు.

హారిక ఇప్పుడు బడికెళ్తోంది. బాబాయ్ శుక్రవారం శుక్రవారం నా ఫోన్‌కి బొట్టు పెడతాడు.

పెట్టుకోనీండి. ఆ పూట దాంట్లో ఛార్జింగే లేదు. ఏఐ డాక్టర్ మాట నేను పుట్టించిందే.