మంచు మీద చార

మైదానం పచ్చిక మీద, కొండచిలువ పాకిపోయినట్టు, మెలికలు తిరిగిన పెద్ద చార ఒకటి కనిపించింది.

ఉమేష్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఎమ్మిగనూరు క్రీడామైదానం అంతా మంచు కప్పుకొని తెల్లగా ఉంది. ఆ తెలుపు మధ్యలో ముదురాకుపచ్చ చార. బారెడు వెడల్పు. అటూ ఇటూ వంకర్లు పోయి, సగం మైదానం తిరిగి, వెనక గోడకున్న చిన్న తలుపు దగ్గర మాయమైంది.

"దావీదూ!"

కొత్తగా చేరిన వాచ్‌మన్ కంబళితోనే పరుగెత్తుకొచ్చాడు. చార చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, ఇది పామే అయితే మేకను కాదు, మన రోలర్‌ను గూడా మింగుతాది."

"నోరు మూయి. వాకింగ్‌కొచ్చే వాళ్ల సెవిన పడిందంటే ఒక్కరు గూడా లోపలికి రారు."

ఆ పచ్చికను చూసుకునే సూపర్‌వైజరు ఉమేష్. ఆదోని నుంచి రోజూ బండి మీద వస్తాడు. ఎప్పుడూ ఎనిమిదికి వచ్చే మనిషి, జెండా పండుగ ఏర్పాట్లని ఆరోజు ఆరుకే వచ్చాడు.

కిందటి చలికాలం చుట్టుపక్కల మైదానాలన్నీ బూజు పట్టి ఎండితే, ఇదొక్కటే పచ్చగా నిలిచింది. తను కొట్టిన మందు మహిమేనని ఉమేష్ నమ్మకం. పై అధికారులూ అదే నమ్మి శాలువా కప్పారు. ఈ జనవరి ఇరవై ఆరుకు గడ్డి ఎండిందంటే మాత్రం అతని ఉద్యోగం ఊడినట్టే.

మర్నాడు ఐదున్నరకే వచ్చి రోలర్ వెనక నక్కాడు.

చిన్న తలుపు కిర్రుమంది.

మంచులోంచి ఏదో వంగి వంగి కదిలి వస్తోంది. దాని వెనక గడ్డి మీద ఈడుస్తున్న చప్పుడు.

ఉమేష్ టార్చి వేశాడు.

పాము కాదు. ఒక ముసలాయన. తలకు తువ్వాలు. కాళ్లకు చెప్పుల్లేవు. లావుపాటి నూలు తాడు రెండు కొసలూ నడుముకు కట్టుకొని, మిగతాది వెనక జారవిడిచి లాక్కొస్తున్నాడు.

"ఏయ్ పెద్దాయనా! ఏం సేస్తాండావు ఈడ?"

"మంచు దులుపుతాండానప్పా."

"మంచు దులిపేదేంది? తిక్కనా నీకు?"

"ఎండ పొడిసే లోపల దులపాల. నిన్న నీ బండి సప్పుడు ఇని సగంలోనే పోతి. ఈ పొద్దన్నా ముగించనీ."

"తొక్కి తొక్కి గడ్డిని పాడు సేస్తాండావు! పో బయటికి. మళ్లా కనపడితే పోలీసులకు పట్టిస్తా."

ముసలాయన తాడు చుట్టి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర వంగి, గడ్డిని ఒకసారి అరచేత్తో నిమిరి వెళ్లిపోయాడు.

ఆరోజే ఆ తలుపుకు బీగం పడింది.

వారం తిరక్కముందే గడ్డి మీద సాలెగూడులాంటి తెల్ల బూజు కనిపించింది. ఉమేష్ మందు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బూజు కింద గడ్డి పళ్లెమంత పళ్లెమంత మేర గుండ్రంగా ఎండుతూనే పోయింది.

"ఆ ముసలాయప్ప ఏందో సల్లిపోయినాడు సార్," అన్నాడు దావీదు.

ఉమేష్‌కు ఆ మాట ఊతమైంది. ఎవరో ముసలివాడు పగబట్టి పచ్చికను చంపాడని పైకి రాసి పంపాడు.

ఆ ముసలివాడెవరో తేల్చుకుందామని, నూలు తాడును బట్టి నేతవాడే అయ్యుంటాడనుకొని, ఇరవై నాలుగో తేదీ పొద్దున నేతవాళ్ల వీధికి వెళ్లాడు. నూలు తాడు మాట ఎత్తగానే, "మన ఉరుకుందప్పనా?" అంటూ ఇల్లు చూపించారు.

అరుగు మీద ఆయన భార్య శ్రీశైలమ్మ కూర్చొని ఉంది.

"ఆయప్ప ల్యాడు నాయనా. హాలహర్విలో బిడ్డ ఇంటికి పోయినాడు. ఇంగ ఆడనే ఉంటాడంట."

"ఏం అవ్వా, భయపడి పారిపోయినాడా?"

"భయమా? ఎవురికి?" ఆమె నవ్వింది. "మగ్గం అమ్మినాక తెల్లారి లేస్తే సేతులకు పని ల్యాకపాయ. రొండు సలికాలాలు ఆ గడ్డి కాడికే పోయినాడు. గంజి పెట్టిన పడుగు దారాలు బిరీన ఆరకపోతే బూజు పడతాది గదా, మంచు ఆరకుంటే గడ్డి గూడా అంతేనంట. పడుగు నూలే పేని తాడు సేసుకున్యాడు."

"రెండు సలికాలాలా?"

"ఊఁ. మొన్న ఎవురో బీగమేసినారంట. వారం దినాలు ఆ తలుపు దాకా పోయి తిరిగొచ్చినాడు. ఆమీట ఈ ఊర్లో నాకేం పనుందిలే అన్యాడు."

ఉమేష్ అరుగు అంచున కూర్చున్నాడు.

"ఆ తాడు ఉందా అవ్వా?"

దండెం మీంచి తీసి ఇచ్చింది. మంచుకు నాని నాని దారాలు నల్లబడ్డాయి.

మధ్యాహ్నం అధికారి పల్లవి మైదానం దగ్గర జీపు దిగింది. వెంట కానిస్టేబుల్. ఆమె చేతిలో ఉమేష్ రాసి పంపిన కాగితం.

"గడ్డిని ఇలా చేసిన మనిషి పేరు తెలిసిందా?"

"తెలిసింది మేడం."

కానిస్టేబుల్ పెన్ను తీశాడు. వెనక నుంచి దావీదు మెల్లగా గొణిగాడు. "ముసలాయప్ప పేరు సెప్పేయ్ సార్. ఆయప్ప ఊర్లోనే ల్యాడంట. అడిగేటోళ్లు ఎవురు?"

ఉమేష్ చేతిలోని తాడును చూసుకున్నాడు.

"రాసుకోండి సార్. పేరు ఉమేష్, ఊరు ఆదోని. పోయినేడు మీరు కప్పిన శాలువా నాకు కాదు మేడం, నేతపని ఉరుకుందప్పకు కప్పాల్సింది. రెండు సలికాలాలు ఉత్త కాళ్లతో ఈ తాడు ఈడ్చి ఈ గడ్డిని బతికించింది ఆయన. ఆయన వచ్చే తలుపుకు బీగమేసి దీన్ని సంపింది నేను."