లెక్కలో లేని గొయ్యి

"మట్టే కదా వదినగారూ పోయింది, పొలం ఎక్కడికీ పోలేదుగా!" అన్నాడు బుల్లబ్బాయి, తన చేలోంచి మరో లారీ నిండుతుంటే.

"పైమట్టి ఇటుక బట్టీకి తోలేసి, ఈ ఏడు రాబడి బాగుందంటావా అబ్బాయ్? నువ్వు అమ్ముకు తింటున్నది పొలాన్నే!" గట్టు మీంచి కడిగేసింది వెంకటదుర్గ.

పక్కనే నిలబడ్డ గ్యాసు కంపెనీ ఆఫీసరు అశోక్ పకపకా నవ్వాడు. ఆవిడ అరెకరంలో కొత్త గ్యాసు బావి తవ్వడానికి సంతకం కోసం వచ్చాడతను. "బాగా చెప్పారండి. ఇంత తెలివితక్కువ లెక్క ఎక్కడా చూడలేదు."

"ఊరి చివర మీ పాత బావి ఏమైందండి?" అడిగింది వెంకటదుర్గ.

"ఖాళీ అయిపోయిందండి. పాతికేళ్లు దేశానికి ఆదాయం ఇచ్చింది. ఏటా మా రిపోర్టులో లాభమే!"

"తీసిన గ్యాసు మళ్లీ ఊరుతుందా?"

"ఊరదండి."

"మరి ఆ పోయిందెంతో ఎక్కడ రాశారు?"

అశోక్ ఫైలు తిరగేశాడు. "దానికి కాలమ్ లేదండి."

వెంకటదుర్గ మరిది వైపు తిరిగింది. "నిన్ను ఊరికే తిట్టాను అబ్బాయ్. కాస్త చదువుకుని ఉంటే నువ్వూ ఢిల్లీలో కూర్చుని దేశం లెక్కలు రాసేవాడివి."

బుల్లబ్బాయి పగలబడి నవ్వాడు. ఆఫీసరు మొహం చూసి నవ్వాడు, ఫైలు చూసి నవ్వాడు. నవ్వుతూనే తన చేలోకి చూశాడు. మోకాలి లోతు గొయ్యి. నవ్వు ఆగిపోయింది.

చెప్పులు గట్టు మీదే వదిలేసి, లారీకి అడ్డంగా పరిగెత్తాడు. "ఆపండ్రా! దింపెయ్యండి మట్టి!"

అశోక్ మాత్రం గొంతు సవరించుకుని, కొత్త బావికి సంతకం పెట్టాల్సిన కాగితం వెంకటదుర్గ ముందుకు చాపాడు.